పది లక్షల్లో ఒక వంతు

గాజు పోగా, నిన్ను పొగడాలంటే పటాన్‌చెరు నుంచే మొదలుపెట్టాలి. నీ పుట్టుకంతా మలినం మీద గెలుపు. మలినం అంటే ఏమిటో ఈ నేలకు తెలిసినంత బాగా తెలిసిన చోట్లు తక్కువ.

పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, కాజిపల్లి. ఈ పారిశ్రామికవాడల దారుల్లో తిరిగే షిఫ్టు బస్సుల్లో కూర్చున్నవాళ్ళకు పీపీఎం అంటే విడమర్చి చెప్పక్కర్లేదు. పది లక్షల వంతుల్లో ఒక వంతు. బల్క్‌డ్రగ్ కంపెనీ క్యూసీ ల్యాబులో కెమిస్టుకు రోజంతా అదే గొడవ. రియాక్టర్ దగ్గర రాత్రీ పగలూ కాచుకుని తీసిన బ్యాచ్ అయినా సరే, హెచ్‌పీఎల్‌సీ గ్రాఫులో ఉండకూడని చోట చిన్న పీక్ ఒకటి లేచిందా, సరుకు పక్కకు పోవాల్సిందే. లోపల ఆ ఒక్క వంతు మీద అంత పట్టింపు.

గోడ బయట సంగతి వేరు. నక్కవాగు రంగు మారింది. వాగు పక్క బావుల నీళ్ళు పొలాలకు పనికిరాకుండా పోయాయి. 1990లో వేసిన రిట్ పిటిషన్ సుప్రీంకోర్టులో, హైకోర్టులో, గ్రీన్ ట్రిబ్యునల్‌లో ఏళ్ళకేళ్ళు నడిచింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించిన ఫలితాలు అచ్చయ్యాయి. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం వచ్చి చేరే కేంద్రం అది. ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. అంటే 31 పీపీఎం. మనిషి మింగాల్సిన మందును వాగు మింగింది.

కాబట్టి రుద్రారంలోనో సుల్తాన్‌పూర్‌లోనో కందిలోనో ఆప్టికల్ కమ్యూనికేషన్ క్లాసులో లెక్చరర్ బోర్డు మీద పీపీఎం అని రాస్తే, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు దాన్ని కొత్త మాట అనుకోనక్కర్లేదు. ఒకరికి అది నాన్న డ్యూటీ, ఇంకొకరికి ఊరి వాగు. నీ కథ కూడా, గాజు పోగా, సరిగ్గా ఆ లెక్కలోనే మొదలైంది.

1966లో ఇంగ్లండులోని హార్లో అనే ఊళ్ళో, స్టాండర్డ్ టెలికమ్యూనికేషన్ లేబొరేటరీస్‌లో చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ అనే ఇద్దరు ఇంజినీర్లు ఒక ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు. గాజులో పంపిన వెలుగు ఎందుకు చచ్చిపోతోంది? అప్పటికి గాజు పోగులు లేక కాదు. మోగాలో పుట్టిన మన నరీందర్ సింగ్ కపానీ 1954లోనే హాప్కిన్స్‌తో కలిసి పోగుల కట్టలోంచి బొమ్మను ఒక కొస నుంచి ఇంకో కొసకు పంపి చూపించాడు. అయితే ఆ పోగులు డాక్టరు కడుపులోకి చూడటానికి పనికొచ్చేవి, ఊరి నుంచి ఊరికి మాట మోయడానికి పనికొచ్చేవి కావు. కిలోమీటరుకు వెయ్యి డెసిబెళ్ళ నష్టం.

పిల్లలూ, ఈ డెసిబెల్ దగ్గర కాసేపు నిలబడండి, పరీక్ష కోసం కాదు, దాని భయంకరత్వం తెలియడానికి. పది డెసిబెళ్ళు పోతే వెలుగులో పదో వంతు మిగులుతుంది. ఇరవై పోతే నూరో వంతు. ముప్ఫై పోతే వెయ్యో వంతు. వెయ్యి డెసిబెళ్ళు పోతే? ఒకటి వేసి పక్కన నూరు సున్నాలు పెట్టండి. అన్ని ఫోటాన్లు పంపితే కిలోమీటరు అవతల ఒక్కటి చేరుతుంది. సూర్యుడు పుట్టిన దగ్గర్నుంచి ఈనాటి దాకా వెదజల్లిన ఫోటాన్లన్నీ పోగేసినా అన్ని కావు.

కావ్ చెప్పిన సంగతి ఒక్క వాక్యంలో పట్టేస్తుంది. తప్పు గాజుది కాదు, గాజులో దూరిన ఇనుముది, రాగిది, క్రోమియంది. వాటిని తీసేస్తే నష్టం కిలోమీటరుకు ఇరవై డెసిబెళ్ళ లోపుకు దిగుతుంది. దిగితే టెలిఫోను మాట గాజులో నడుస్తుంది. అంతే. ఇందులో కొత్త పదార్థం లేదు, కొత్త యంత్రం లేదు. ఉన్నదాన్ని శుద్ధి చేయండి అన్నాడు. ఏ పదార్థాన్నయినా నిందించే ముందు దాని ఇంప్యూరిటీ ప్రొఫైల్ అడగాలని బొల్లారం కెమిస్టుకు ఎవరూ నేర్పక్కర్లేదు. అప్పటి టెలిఫోను పెద్దలకు మాత్రం ఈ మాట పట్టడానికి ఏళ్ళు పట్టింది. కావ్ గాజు కంపెనీల చుట్టూ తిరిగాడు. శుద్ధమైన సిలికా ముక్కలు తెప్పించుకుని కొలిచాడు. నష్టం కిలోమీటరుకు అయిదు డెసిబెళ్ళ దగ్గరే ఉందని 1969లో చూపించాడు. మరుసటి ఏడు అమెరికాలో కార్నింగ్ కంపెనీలో మౌరర్, కెక్, షుల్జ్ అనే ముగ్గురు 17 డెసిబెళ్ళ పోగు తీశారు. కావ్‌కు నోబెల్ 2009లో వచ్చింది. అప్పటికే ఆయన్ను అల్జీమర్స్ పట్టుకుంది. స్టాక్‌హోంలో ఉపన్యాసం ఆయన భార్య గ్వెన్ ఇచ్చింది.

నిన్ను శుద్ధి చేసే తీరు చెబితే ఇక్కడి ప్లాంటు ఆపరేటరు నవ్వుతాడు. 'ఇంతేనా, డిస్టిలేషనే కదా' అంటాడు. అవును, డిస్టిలేషనే. ఇసుకను కడిగీ కరిగించీ శుద్ధి చేయడం కుదరని పని. అందుకని సిలికాన్‌ను ముందు క్లోరైడుగా మారుస్తారు. సిలికాన్ టెట్రాక్లోరైడ్ 58 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. జెర్మేనియం టెట్రాక్లోరైడ్ 84 దగ్గర. ఇనుప క్లోరైడుకు మాత్రం 300 డిగ్రీలు దాటితే తప్ప చలనం ఉండదు. సన్నగా వేడి పెడితే నువ్వు ఆవిరై పైకి వస్తావు, నీ శత్రువు పాత్ర అడుగున ఉండిపోతాడు. ఆ ఆవిరిని ఆక్సిజన్‌తో కలిపి, తిరుగుతున్న సిలికా గొట్టంలోకి పంపుతారు. బయటి నుంచి మంట ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ ఉంటుంది. లోపలి గోడకు తెల్లటి మసి పొర మీద పొరగా పేరుకుంటుంది. 1974లో బెల్ ల్యాబ్స్‌లో మాక్‌చెస్నీ బృందం పట్టుకున్న పద్ధతి ఇది. తర్వాత గొట్టాన్ని ఇంకా కాల్చితే అది తనలోకి తానే ముడుచుకుని కడ్డీ అవుతుంది. ఆ కడ్డీని టవర్ కొసన వేలాడదీసి కింది చివరను రెండు వేల డిగ్రీల కొలిమిలో పెడతారు. మెత్తబడిన గాజు ఒక బొట్టుగా కిందికి జారుతుంది. జారిన బొట్టు వెనకే నువ్వు వస్తావు, ఎడతెగకుండా, కిలోమీటర్ల పొడవున. అంతదూరమూ నీ మందం 125 మైక్రాన్ల దగ్గర నుంచి ఒక మైక్రాను అటూ ఇటూ కాకూడదు. గాలి తగిలేలోపే పాలిమర్ పూత పడాలి.

ఇంత చేసినా ఒక మలినం మొండికేసింది. నీళ్ళు. కంటికి కనబడే నీళ్ళు కావు. గాజు అణువుల మధ్య ఇరుక్కున్న ఓహెచ్ జంటలు. అవి ఒక్క పీపీఎం ఉంటే చాలు, 1383 నానోమీటర్ల దగ్గర కిలోమీటరుకు దాదాపు 50 డెసిబెళ్ళ నష్టం పడుతుంది. వాటర్ పీక్ అంటారు దాన్ని. పాత పాఠ్యపుస్తకాల గ్రాఫుల్లో నిటారుగా లేచిన ఆ శిఖరం ఇప్పటి పోగుల్లో దాదాపు అణిగిపోయింది. పుస్తకాల్లో ఇంకా లేచే ఉంది, అది వేరే సంగతి.

నీళ్ళంటే నీకింత పగ. కానీ ఈ సంగారెడ్డి జిల్లాలో నిన్ను నీళ్ళ పక్కనే పడుకోబెట్టారు. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో తాగునీటి పథకం మిషన్ భగీరథ ప్రారంభమైంది. పైపుల కోసం తవ్విన కందకంలోనే ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్ డక్టు కూడా వేయాలన్నది ఆలోచన. రోడ్డును రెండుసార్లు తవ్వడం దేనికి? పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ ఇంకో దారి పట్టింది, నిన్ను కరెంటు స్తంభాల మీద వేలాడదీసింది. గాలివానకు ఊగుతూ ఉంటావక్కడ. ఇక్కడ పైపులో మంజీరా నీళ్ళు, పక్క డక్టులో నువ్వు, ఒకే మట్టి కింద. సింగూరు నుంచి నీళ్ళు ఈ దారినే ఎన్నో ఏళ్ళుగా హైదరాబాదుకు పోతున్నాయి. ఈ పట్టీ మీదుగా అన్నీ పోతూనే ఉంటాయి: నీళ్ళు, లారీలు, ఇప్పుడు వెలుగు. ఊళ్ళకు ఎంత దక్కుతుందన్నది ఎప్పుడూ ఆలస్యంగా తేలే లెక్క. 2024 డిసెంబరులో టీ-ఫైబర్ సేవలు ప్రయోగాత్మకంగా మొదలైన ఊళ్ళలో ఈ జిల్లా సంగుపేట ఒకటి.

నీటికీ నీకూ పాత చుట్టరికం కూడా ఉంది. వెలుగును వంచి నడిపించవచ్చని లోకానికి మొదట చూపించింది గాజు కాదు, నీటి ధారే. జెనీవాలో కొలడోన్ 1842లో అచ్చేసిన ప్రయోగం అది. తొట్టి పక్కన రంధ్రం పెట్టి, వెనక నుంచి వెలుగు పంపించాడు. వంగి కింద పడుతున్న ధారలో వెలుగు కూడా వంగి కిందకు దిగింది. మీలో ఎవరైనా రాత్రి పూట పొలం దగ్గర సెల్‌ఫోన్ టార్చి మోటారు పైపు ధార వెనక పెట్టి చూడండి. ధార సన్నగా, తొణక్కుండా ఉండాలి, అంతే.

నీ లోపలి ఏర్పాటు చూస్తే నమ్మబుద్ధి కాదు. నడిమధ్య కోర్, అడ్డంగా కొలిస్తే 8.2 మైక్రాన్లు. చుట్టూ క్లాడింగ్. రెండూ గాజే, కోర్‌లో కాస్త జెర్మేనియం కలిసింది, అదే తేడా. వక్రీభవన గుణకం లోపల 1.449, బయట 1.444. వందకు అర వంతు కూడా లేదు ఆ తేడా. ఆ కాస్త తేడాతోనే వెలుగుకు గోడ కట్టావు. లంబం నుంచి 85 డిగ్రీలు దాటి వచ్చిన కిరణం బయటికి పోలేదు, లోపలికే తిరుగుతుంది. వెండి పూసిన అద్దమైనా పడ్డ వెలుగులో కొంత తినేస్తుంది. నీ గోడ ఏమీ తినదు. సంపూర్ణాంతర పరావర్తనం అని ఇంటర్‌లో బట్టీ పట్టారే, అందులో 'సంపూర్ణ' అన్న ముక్క అలంకారం కాదు.

అయితే పుస్తకంలో జిగ్‌జాగ్ గీతలు గీసి చూపించే బొమ్మను మరీ నమ్మకండి. 8 మైక్రాన్ల సందులో మైక్రానున్నర పొడవున్న అల గోడ నుంచి గోడకు ఎక్కడ ఎగురుతుంది? అక్కడ కిరణం లేదు, మోడ్ ఉంది. వెలుగు మొత్తం ఒకే ఆకారంలో, నడుమ గట్టిగా, అంచులకు పలచగా పరుచుకుని సాగుతుంది. దానిలో కొంత భాగం క్లాడింగ్‌లోనే నడుస్తుంది. అందుకే క్లాడింగ్ కూడా కోరంత శుద్ధంగా ఉండాలి. మ్యాథ్స్‌లో బెస్సెల్ ఫంక్షన్ వచ్చినప్పుడు ఇదెందుకురా అని తిట్టుకుని ఉంటారు. దాని మొదటి సున్నా 2.405. కోర్ సగం వెడల్పును రెండు పైలతో, న్యూమరికల్ అపర్చర్‌తో గుణించి తరంగదైర్ఘ్యంతో భాగించండి. ఆ సంఖ్య 2.405 లోపు ఉంటే పోగులో ఒకే ఒక మోడ్ బతుకుతుంది. నేను చెప్పిన కొలతలకు 1310 నానోమీటర్ల దగ్గర వేసి చూడండి, 2.37 దగ్గర ఆగుతుంది. దాటితే రెండో మోడ్ వస్తుంది, అది ఇంకో వేగంతో నడుస్తుంది, ఒకే మాట రెండుసార్లు చేరుతుంది. అంతదూరం నడిచే పోగుకు కోర్ ఇంత సన్నగా ఎందుకుండాలన్న ప్రశ్నకు జవాబు ఆ ఒక్క సంఖ్యలో ఉంది. నాకు ఆ సంఖ్య మీద భక్తి.

ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో మీకిచ్చే కిట్ ఉంటుంది చూడండి, మీటరు పొడవు ప్లాస్టిక్ పోగు, ఎర్ర ఎల్‌ఈడీ, ఒక పవర్ మీటరు. పోగును కడ్డీ చుట్టూ ఒక చుట్టు చుడితే రీడింగ్ దిగుతుంది, ఇంకో చుట్టు చుడితే ఇంకా దిగుతుంది. బెండింగ్ లాస్ అని రాసి గ్రాఫు గీసి మార్కులు వేయించుకుంటారు. ఇళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చే కుర్రాడు అదే ప్రయోగం రోజూ చేస్తాడు, మార్కులు లేకుండా. గుమ్మం మూల దగ్గర వైరు బిగించి మేకు కొడితే మోడెం మీద ఎల్ఓఎస్ దీపం ఎర్రగా వెలుగుతుంది. 'బెండ్ ఎక్కువైందన్నా, కొంచెం వదులు చెయ్' అంటాడు. వదులు చేస్తే ఆరిపోతుంది.

వెలుగు నష్టమే నీ సమస్య అయితే నీ కథ సులువుగా తేలిపోయేది. ఇప్పుడు 1550 నానోమీటర్ల దగ్గర నీ నష్టం కిలోమీటరుకు 0.2 డెసిబెళ్ళు. సంగారెడ్డి నుంచి జహీరాబాద్ దాదాపు 50 కిలోమీటర్లు. అక్కడ వేసిన వెలుగులో పదో వంతు ఇక్కడికి చేరుతుంది, పావు మిల్లీసెకనులో. కావ్ ఒక్క కిలోమీటరు తర్వాత నూరో వంతు మిగిలితే చాలనుకున్నాడు. ఇప్పుడు ఆ నూరో వంతు వంద కిలోమీటర్ల తర్వాత. కానీ చేరిన వెలుగు చేరినట్టే ఉండదు. ఏ లేజరూ ఒకే ఒక్క రంగును ఇవ్వదు, అటూ ఇటూ సన్నని పక్క రంగులుంటాయి. గాజులో ఒక్కో రంగుది ఒక్కో నడక. కలిసి బయల్దేరినవి విడివిడిగా చేరతాయి. 1550 దగ్గర నానోమీటరుకు, కిలోమీటరుకు 17 పికోసెకన్ల ఎడం. లేజరు వెడల్పు పదో వంతు నానోమీటరే అనుకున్నా 50 కిలోమీటర్లకు 85 పికోసెకన్లు. సెకనుకు వెయ్యి కోట్ల బిట్లు పంపే లింకులో ఒక్కో బిట్టుకు దక్కే చోటు 100 పికోసెకన్లు. అంటే సున్నా మీదికి ఒకటి ఒలికిపోయింది. 1310 దగ్గర ఈ చెదురు దాదాపు సున్నా. అక్కడికి పోదామంటే నష్టం 0.35. వెలుగు దక్కే చోట మాట చెదురుతుంది, మాట నిలిచే చోట వెలుగు తరుగుతుంది. ఇంజినీర్లు ఇన్నేళ్ళుగా ఈ రెంటి నడుమే తిరుగుతున్నారు. ఒకప్పుడు గాజునే మార్చి చూశారు. ఇప్పుడు చెదిరిన మాటను అవతలి చివర లెక్కలతో సరిచేస్తున్నారు. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ (డీఎస్పీ) పేపరును ఆప్షనల్ అని వదిలేసేవాళ్ళు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోవచ్చు.

నీలో వెలుగు నీరసించినప్పుడు మొదట్లో దాన్ని కరెంటుగా మార్చి, పెంచి, మళ్ళీ వెలుగుగా మార్చేవారు. 1987లో సౌతాంప్టన్‌లో డేవిడ్ పేన్ బృందం, బెల్ ల్యాబ్స్‌లో డెసర్విర్ బృందం ఆ తిప్పలు తప్పించారు. కొన్ని మీటర్ల పోగులో ఎర్బియం కలిపి, ఇంకో రంగు వెలుగుతో దాని పరమాణువులను లేపి ఉంచారు. తరిగిపోయిన వెలుగులోంచి ఒక ఫోటాన్ వచ్చి తగిలితే చాలు, ఆ పరమాణువు అచ్చం అలాంటి ఫోటాన్‌నే వదులుతుంది, అదే రంగు, అదే దిక్కు, అదే లయ. దీపంతో దీపం వెలిగించినట్టు. ఎర్బియం ఈ పని చేసేది సరిగ్గా 1550 చుట్టుపక్కలే కావడం యాదృచ్ఛికం. గాజు ఎక్కడ అతి తక్కువ తింటుందో, ఈ లోహం అక్కడే ఇస్తుంది. ప్రకృతి ఇంజినీర్లకు చేసిన సాయాల జాబితా చాలా చిన్నది, అందులో దీన్ని పైన రాయాలి. 1550 చుట్టూ ఎన్ని రంగులు పక్కపక్కన పంపినా అన్నిటినీ ఎర్బియం ఒక్కసారే పెంచుతుంది. అందుకే ఒక్క పోగులో ఎనభై రంగులు నడుస్తాయి. అందులో ఒక్కటీ కంటికి కనబడదు. కనబడదు కదా అని వెలుగుతున్న పోగు కొసలోకి ఎప్పుడూ తొంగి చూడకండి.

ఇక నిన్ను చేత్తో ముట్టే వాళ్ళ సంగతి. హైవే వెడల్పు చేసే చోట జేసీబీ బకెట్‌కు నువ్వు తగులుతూనే ఉంటావు. ఒక రాత్రి రుద్రారం దాటాక గుంత పక్కన వ్యాను ఆగి ఉంది. వెనక తలుపు తెరిచి, మడత బల్ల మీద స్ప్లైసింగ్ మిషను, పైన చిన్న లైటు. ఇద్దరు కుర్రాళ్ళు. 24 కోర్ల కేబుల్ కొసను ఒకడు ఒలుస్తున్నాడు. నల్ల తొడుగు పోయింది, లోపల జిడ్డుగా జెల్లీ, జెల్లీలో మునిగిన సన్నని రంగు పోగులు.

"స్లేట్ ఏదన్నా, ఇదేనా?"

"అది వైట్ రా. జెల్లీ మంచిగ తుడిచి చూడు."

బ్లూ, ఆరెంజ్, గ్రీన్, బ్రౌన్, స్లేట్, వైట్, రెడ్, బ్లాక్, ఎల్లో, వయొలెట్, రోజ్, ఆక్వా. పన్నెండు రంగుల ఈ వరస ఆ తమ్ముడికి నోటికి వచ్చు, చీకట్లో కంటికే ఇంకా రాలేదు. అన్న రంగు పూతను స్ట్రిప్పర్‌తో లాగేశాడు. స్పిరిట్ అద్దిన టిష్యూతో ఒకసారి తుడిస్తే పోగు కీచుమంది. శుభ్రమైందనడానికి గుర్తు అది. కట్టర్‌లో పెట్టి మూత నొక్కాడు. తునిగిన ముక్కను జాగ్రత్తగా డబ్బాలో వేశాడు, నేల మీద పడితే కాలికి గుచ్చుకుంటుంది, వెతికినా దొరకదు. రెండు కొసలను మిషనులో ఎదురెదురుగా పెట్టి మూత వేశాడు. తెర మీద రెండు మసక గీతలు దగ్గరికి జరిగాయి, పైకీ కిందికీ సర్దుకున్నాయి, ఆగాయి. చిటుక్కున ఆర్క్. రెండు గీతలు ఒకటే గీత.

"ఎంతొచ్చిందన్నా?"

"పాయింట్ జీరో టూ. స్లీవ్ జరుపు."

సున్నా పాయింట్ సున్నా రెండు డెసిబెల్. రెండు వందల వంతుల్లో ఒక వంతు కూడా పోలేదు. రోడ్డు పక్కన, దుమ్ములో, లారీలు పోతుంటే నేల అదురుతుండగా ఎనిమిది మైక్రాన్ల కోరును ఎనిమిది మైక్రాన్ల కోరుకు ఎదురు నిలిపారు. ఇంకా ఇరవై మూడు ఉన్నాయి.

ఆ పోగుల్లో ఏం నడుస్తుందో వాళ్ళకు తెలియదు, తెలియక్కర్లేదు. కంది క్యాంపస్ నుంచి సిమ్యులేషన్ డేటా పోతుంది. 2008లో ఐఐటీ హైదరాబాద్ క్లాసులు మొదలైంది ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో, యుద్ధ వాహనాలు తయారయ్యే చోట, అరువు గదుల్లో. ఇప్పుడు కందిలో సొంత చోటుంది. ఇక్రిశాట్ నుంచి జొన్నల, కందుల జన్యు పటాలు పోతాయి. పాశమైలారం గదుల నుంచి రాత్రి తొమ్మిదింటికి ఒడిశాకూ బిహార్‌కూ వీడియో కాల్స్ పోతాయి. టవర్ దాకా రేడియో, టవర్ నుంచి అంతా నువ్వే. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి యాభై మందికి పైగా పోయారు. చాలామంది బయటి రాష్ట్రాల నుంచి పనికొచ్చినవాళ్ళు. ఆ పొద్దు ఎంతమంది ఫోన్లు ఎత్తారో, ఎంతమంది ఎత్తలేదో. ఆ కబుర్లూ కిలోమీటరుకు అయిదు మైక్రోసెకన్ల వేగంతోనే పోయాయి. నీకు తేడా లేదు. నిన్ను పొగిడేటప్పుడు ఈ ముక్క దాచకూడదు.

నీలో ఎంత శుద్ధి చేసినా పోని నష్టం ఒకటుంది. గాజు వేడిగా ఉన్నప్పుడు అణువుల్లో ఉన్న కదలిక చల్లారేసరికి అలాగే గడ్డకట్టుకుపోతుంది. సాంద్రతలో ఆ అతిసన్నని హెచ్చుతగ్గులకు తగిలి వెలుగు కొంచెం కొంచెం అన్ని దిక్కులకూ చెదురుతుంది. ఆకాశాన్ని నీలంగా చేసే రేలీ పరిక్షేపణమే ఇది. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ నాలుగో ఘాతంలో తగ్గుతుంది. 850 నుంచి 1550కి జరిగితే పదకొండో వంతుకు పడిపోతుంది. పరారుణంలోకి జరిగింది అందుకే. ఆ చెదిరిన వెలుగులో రవ్వంత వెనక్కి తిరిగి వస్తుంది. దాన్నీ వదలలేదు మనవాళ్ళు. ఓటీడీఆర్ అనే పరికరం చేసేది అదే. ఒక చివర నుంచి పల్స్ కొట్టి, వెనక్కి వచ్చే రవ్వలను గడియారం పెట్టి వింటుంది. గీత ఏటవాలుగా దిగుతూ ఉంటే పోగు బాగున్నట్టు. చిన్న మెట్టు దిగితే అక్కడ జాయింటు. ఒక్కసారి అడుక్కి పడిపోతే అక్కడ తెగింది. వెళ్ళి రావడానికి కిలోమీటరుకు పది మైక్రోసెకన్లు, ఆ లెక్కన దూరం చెబుతుంది. 'ఏడు పాయింట్ మూడు కిలోమీటర్ల కాడ కట్' అని ఎక్స్ఛేంజిలో కూర్చున్నవాడు ఫోన్లో చెబితే, వ్యాను ఆ మైలురాయి వెతుక్కుంటూ పోతుంది. మట్టి తవ్వకుండా మట్టి కింద ఎక్కడ తెగిందో చెప్పింది ఆ చెదురే, తీసేయలేమని తిట్టుకున్న ఆ చెదురే.

ఇక ఊరి చివరి ఇంటి సంగతి. ఎక్స్ఛేంజి నుంచి ఒక్క పోగు బయల్దేరుతుంది. స్తంభం మీది డబ్బాలో స్ప్లిటర్ దాన్ని 32 చేస్తుంది. కరెంటు అక్కర్లేని గాజు ముక్క అది. అటు నుంచి వచ్చేది అందరికీ ఒకటే, 1490 నానోమీటర్ల మీద. ఎవరి మాట వారికే తెరుచుకునేలా గుప్తంగా కట్టి ఉంటుంది. ఇటు నుంచి పోయేది 1310 మీద, ఎవరి వంతు వచ్చినప్పుడు వారే మాట్లాడాలి. దగ్గరి ఇల్లు కాస్త ఆగుతుంది, దూరపు ఇంటి వెలుగు కూడా తన వంతుకే చేరేలా. కుల సంఘం మీటింగులోనూ ఇంత క్రమశిక్షణ నేను చూడలేదు.

ఆఖరికి ఒక లెక్క, ఫైనలియర్ వాళ్ళు వేయాల్సింది. ఎక్స్ఛేంజిలో లేజరు ప్లస్ 3 డీబీఎంతో వెలుగు వేసింది. పది కిలోమీటర్ల పోగు, కిలోమీటరుకు 0.3 చొప్పున 3. స్ప్లిటర్‌కు 17. రెండు కనెక్టర్లకు అర చొప్పున 1. ఆరు జాయింట్లకు 0.05 చొప్పున 0.3. మొత్తం నష్టం 21.3. ఇంట్లో మోడెం దగ్గర పవర్ మీటర్ పెడితే మైనస్ 18.3 చూపించాలి. మోడెం మైనస్ 27 దాకా వినగలదు. మిగిలింది 8.7 డెసిబెళ్ళు. దీన్ని మార్జిన్ అంటారు. కనెక్టర్ కొస మీది దుమ్ముకు, గుమ్మం మూల వంపుకు, లేజరు ముసలితనానికి ఇందులోంచే పోవాలి. జేసీబీ ఒకసారి తెంపితే మధ్యలో కొత్త ముక్క అతకాలి, అంటే రెండు జాయింట్లు, 0.1 డెసిబెల్. మిగతావేవీ ముట్టకపోతే 87 కోతలకు సరిపోతుంది. ముంబై హైవే వెడల్పు పనులు అయ్యేదాకా చాలుతుందా అని ఆ స్ప్లైసింగ్ కుర్రాణ్ణి అడిగాను. ఏ వైపు పోగో ముందు చెప్పమన్నాడు.